రోజు గడవదు, పుష్కరం మాత్రం గడిచిపోతుంది

2015 జులైలో గోదావరి పుష్కరాలకు రాజమండ్రి వెళ్లి స్నానం చేసి వచ్చిన పెద్దవాళ్లను కదిలిస్తే చాలామంది అనే మాట ఒకటే: "అబ్బ, మొన్న మొన్ననే కదా!" 2003 పుష్కరాల గురించి అడిగినా ఇంచుమించు ఇదే జవాబు. అదే, 1991 పుష్కరాలకు పదేళ్ల వయసులో తాతయ్య చెయ్యి పట్టుకుని రేవులో దిగిన మనిషికి, ఆ తర్వాతి పుష్కరాలు రావడానికి ఒక యుగం పట్టినట్టు ఉంటుంది. ఆ మధ్యలో హైస్కూలు, పదో తరగతి పరీక్షలు, ఇంటర్, డిగ్రీ, హాస్టలు, మొదటి ఉద్యోగం అన్నీ ఉన్నాయి. బృహస్పతి మాత్రం ఎవరి వయసుతోనూ పని లేకుండా ప్రతిసారీ సూర్యుడి చుట్టూ తిరిగి రావడానికి సుమారు 11.86 సంవత్సరాలే తీసుకుంటాడు. ఆకాశంలో మారనిది మనిషి లెక్కలో ఎందుకు కుంచించుకుపోతోంది?

ఇక్కడ పుష్కరాన్ని కొలతగా తీసుకోవడానికి కారణం ఉంది. వయసు పెరిగే కొద్దీ కాలం పరుగెడుతుందన్న మాట అన్ని కొలతల మీదా ఒకేలా నిలబడదు. వారం సంగతి అడిగితే ఒకలా, పదేళ్ల సంగతి అడిగితే ఇంకోలా జవాబులొస్తాయి. 2005లో మార్క్ విట్‌మన్, సాండ్రా లెన్‌హాఫ్ అనే ఇద్దరు పరిశోధకులు జర్మనీ, ఆస్ట్రియా దేశాల్లో 14 నుంచి 94 ఏళ్ల మధ్య వయసున్న 499 మందిని ఇదే విషయం అడిగారు. గడిచిన వారం ఎంత వేగంగా గడిచింది, నెల ఎలా గడిచింది, ఏడాది ఎలా గడిచింది, పదేళ్లు ఎలా గడిచాయి అన్నవి ప్రశ్నలు. కుర్రాళ్లు, ముసలివాళ్లు అన్న తేడా లేకుండా అందరూ కాలం త్వరగానే గడుస్తోందన్నారు. వారం, నెల విషయంలో వయసు వల్ల చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. గత పదేళ్ల గురించి అడిగినప్పుడు మాత్రం వయసు ప్రభావం స్పష్టంగా బయటపడింది. అక్కడ కూడా జవాబుల్లోని తేడాలో వయసు వాటా పది శాతానికి మించలేదు. ఐదేళ్ల తర్వాత విలియం ఫ్రీడ్‌మన్, స్టీవ్ జాన్సెన్ నెదర్లాండ్స్‌లో 16 నుంచి 80 ఏళ్ల వాళ్లను పెద్ద సంఖ్యలో అడిగినా ఇదే పోలిక కనిపించింది.

అంటే అరవై ఏళ్ల మనిషికి మంగళవారం ఏమీ పొట్టిగా లేదు. పొట్టిదయ్యింది పుష్కరం. ఈ ఒక్క సంగతి దృష్టిలో పెట్టుకుంటే, కాలం గురించి వినిపించే వాదాల్లో ఏది ఎంత దూరం వస్తుందో తేల్చడం సులువు.

అన్నిటికంటే ఎక్కువగా వినిపించేది నిష్పత్తి వాదం. ఫ్రెంచి తత్వవేత్త పాల్ జానే 1877లో దీన్ని రాతలో పెట్టాడు. పన్నెండేళ్ల పిల్లాడికి ఒక పుష్కరం అంటే మొత్తం జీవితం. ఇరవై నాలుగేళ్ల వాడికి అది సగం. అరవై ఏళ్ల మనిషికి ఐదో వంతు. కాబట్టి అదే కాలం వయసు పెరిగే కొద్దీ చిన్నదిగా తోస్తుందని వాదన. లెక్కను ఇంకొంచెం ముందుకు తీసుకెళితే గుండె ఝల్లుమంటుంది. ఐదు నుంచి పదేళ్ల దాకా, పది నుంచి ఇరవై దాకా, ఇరవై నుంచి నలభై దాకా, నలభై నుంచి ఎనభై దాకా ఈ నాలుగు ముక్కలూ మనసుకు సమానమే అవుతాయి. ఐదో ఏట నుంచి లెక్కపెడితే, ఎనభై ఏళ్లు బతికే మనిషి అనుభవంలో సగం జీవితం ఇరవయ్యో ఏటకే అయిపోయినట్టు.

ఈ లెక్క జనానికి నచ్చడానికి కారణం దాని సొగసే. కానీ ఇది జరుగుతున్నదాన్ని అంకెల్లో చెప్పడమే తప్ప ఎందుకు జరుగుతోందో చెప్పదు. వంటింట్లో పని చేసుకుంటూనో, బస్సులో కూర్చునో ఏ మనిషీ గడిచిన నెలను తన మొత్తం ఆయుష్షుతో భాగించి చూసుకోడు. పైగా నిష్పత్తే కారణమైతే వారం, నెల కూడా అదే లెక్కన కుంచించుకుపోవాలి కదా. సర్వేల్లో అలా కనిపించలేదు. జానే చెప్పింది తప్పని కాదు గానీ, దాన్ని కారణంగా ఒప్పుకుంటే అసలు కారణాలు వెతకడం మానేస్తాం.

రెండో వాదం ఒంట్లో గడియారం గురించి. దీని వెనక ఒక ఆసక్తికరమైన కథ ఉంది. 1930ల్లో అమెరికా శరీరధర్మ శాస్త్రవేత్త హడ్సన్ హోగ్లండ్ భార్యకు ఫ్లూ వచ్చి జ్వరం బాగా పెరిగింది. ఆయన మందుల షాపుకు వెళ్లి కాసేపట్లో తిరిగొస్తే, ఇంతసేపు ఎక్కడున్నావని ఆమె నిలదీసింది. ఆయన గబుక్కున స్టాప్‌వాచ్ తీసి, సెకనుకు ఒకటి చొప్పున అరవై దాకా లెక్కపెట్టమన్నాడు. ఆమె నిమిషం కాకుండానే అరవైకి వచ్చేసింది. జ్వరం ఎంత ఎక్కువుంటే లెక్క అంత వేగంగా సాగింది. ఒళ్లు వేడెక్కితే లోపలి గడియారం వేగం అందుకుంటుందని, దాని పక్కన బయటి కాలం నత్తనడక నడిచినట్టు ఉంటుందని ఆయన తేల్చాడు. వయసు మీద పడితే దీనికి తిరగబడినట్టు జరుగుతుందన్న ఊహకు కొంత ఆధారం ఉంది. 1996లో పీటర్ మాంగన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త మూడు నిమిషాలు పూర్తయ్యాయనిపించినప్పుడు చెప్పమని రెండు వయసుల వాళ్లను అడిగాడు. ఇరవై ఏళ్ల ప్రాంతంలో ఉన్నవాళ్లు సగటున 3 నిమిషాల 3 సెకన్లకు ఆపితే, అరవై దాటినవాళ్లు 3 నిమిషాల 40 సెకన్ల దాకా ఆగారు. 2019లో డ్యూక్ యూనివర్సిటీ ఇంజినీరింగ్ ప్రొఫెసర్ ఏడ్రియన్ బెజాన్ ఇంకో ఊహ ముందుకు తెచ్చాడు. వయసుతో కంటి కదలికలు, నరాల్లో సంకేతాలు నెమ్మదిస్తాయి, అందువల్ల ఒక రోజులో మెదడుకు అందే దృశ్యాల సంఖ్య తగ్గిపోతుంది, దృశ్యాలు తగ్గితే రోజు చిన్నదనిపిస్తుంది అని.

ఇవన్నీ విలువైనవే. అయితే చిక్కు కొలత దగ్గరే వస్తుంది. మూడు నిమిషాల లెక్కలో నలభై సెకన్ల తేడా చూపించే గడియారం, పన్నెండేళ్లు ఎలా మాయమయ్యాయో చెప్పలేదు. బెజాన్ చెప్పినట్టు రోజే చిన్నదైతే, పెద్దవాళ్లు ముందుగా రోజు గురించి ఫిర్యాదు చెయ్యాలి. ఊళ్లో ఒంటరిగా ఉంటున్న డెబ్బై ఏళ్ల తల్లిని అడిగి చూస్తే తెలుస్తుంది. ఆవిడ ఫిర్యాదు పొద్దు పోవడం లేదని.

ఆవిడ దినచర్య చూస్తే ఈ సంగతి మరింత తేటపడుతుంది. తెల్లవారుజామున ఐదింటికే మెలకువ. కాఫీ, ముగ్గు, పూజ, ఒక్క మనిషికి వంట అన్నీ కలిపినా తొమ్మిదిన్నరకు పని తీరిపోతుంది. మధ్యాహ్నం కునుకు పట్టదు. సీరియల్ మొదలయ్యే వేళ కోసం గడియారం వంక ఇరవైసార్లు చూస్తుంది. అమెరికాలో కొడుక్కి తెల్లారాకే వీడియో కాల్, అంటే ఇక్కడ చీకటి పడేదాకా ఎదురుచూపు. ఆ పగలు ఆవిడకు కొండంత. అదే మనిషి పక్కింటావిడతో "వాడు వెళ్లి అప్పుడే పన్నెండేళ్లయిందంటే నమ్మలేకపోతున్నా" అంటుంది. ఈ రెండు మాటలూ నిజమే. రెండూ ఒక్క కారణం నుంచే పుట్టాయి.

ఆ కారణాన్ని 1890లోనే అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త విలియం జేమ్స్ పట్టుకున్నాడు. గడుస్తున్నప్పుడు కాలాన్ని మనసు ఒక తీరుగా కొలుస్తుంది, గడిచిపోయాక వెనక్కి తిరిగి చూసినప్పుడు మరో తీరుగా కొలుస్తుంది. గడుస్తున్నప్పుడు లెక్క అంతా ధ్యాస మీద ఆధారపడి ఉంటుంది. కాలం మీదే కన్నేసి కూర్చుంటే అది సాగుతుంది. ఆస్పత్రి వరండాలో పది నిమిషాలు గంటలా ఉండేది అందుకే. వెనక్కి చూసినప్పుడు ధ్యాసకు చోటు లేదు. అక్కడ మిగిలేది జ్ఞాపకం. ఎన్ని వేర్వేరు సంగతులు గుర్తొస్తే అంత పొడుగు. నిన్నటి లాంటి రోజే ఇవాళ, ఇవాళ్టి లాంటి రోజే రేపు అయితే, ఆ మూడు వందల అరవై ఐదు రోజులూ జ్ఞాపకంలో ఒక్క రోజుగా పేరుకుంటాయి. అందుకే ఖాళీ రోజు గడవదు, ఖాళీ ఏళ్లు ఇట్టే గడిచిపోతాయి.

దీన్ని తన ఒంటి మీద పరీక్షించుకున్నవాడు మిషెల్ సిఫ్ర్ అనే ఫ్రెంచి భూగర్భ శాస్త్రవేత్త. 1962లో, ఇరవై మూడేళ్ల వయసులో, ఆల్ప్స్ పర్వతాల్లోని స్కరాసన్ అనే గుహలోకి గడియారం లేకుండా దిగి రెండు నెలలు ఒంటరిగా ఉన్నాడు. ఎండ లేదు, పగలూ రాత్రీ తేడా లేదు. చలి, చీకటి, తడి బట్టలు. నిద్ర లేచినప్పుడు, తిన్నప్పుడు, పడుకునే ముందు పైన ఉన్నవాళ్లకు ఫోన్ చెయ్యడం ఒక్కటే ఒప్పందం. సెప్టెంబరు 14న గడువు అయిపోయింది, పైకి రమ్మని చెబితే ఆయన నమ్మలేదు. తన లెక్కలో అది ఆగస్టు 20. ఇంకా ఇరవై అయిదు రోజులు మిగిలే ఉన్నాయనుకున్నాడు. లోపల ఉండగా సెకనుకు ఒకటి చొప్పున 120 దాకా లెక్కపెట్టమంటే ఆయన అయిదు నిమిషాలు తీసుకున్నాడు. ఆయనేమీ ముసలివాడు కాదు. గుర్తు పెట్టుకోవడానికి ఏమీ లేకపోతే ఇరవై మూడేళ్ల వాడికి కూడా రెండు నెలల్లో దాదాపు నెల మాయమైపోతుంది. ఇది తెలిశాక తప్పంతా వయసు మీదకు నెట్టడం కష్టం.

మనందరికీ ఇలాంటి గుహ ఒకటి అనుభవంలో ఉంది. 2020 మార్చి 25న లాక్‌డౌన్ మొదలైనప్పుడు మధ్యాహ్నం సాయంత్రం అయ్యేది కాదు. ఇప్పుడు 2020లో ఏం జరిగింది, 2021లో ఏం జరిగింది అని విడదీసి చెప్పమంటే చాలామంది తడుముకుంటారు. దగ్గరివాళ్లను పోగొట్టుకున్న కుటుంబాలకు మాత్రం తేదీతో సహా గుర్తుంటుంది. వాళ్లకు ఆ రోజు ఒక మేకులా దిగిపోయింది. మిగతావాళ్లకు రెండేళ్లు కలిసిపోయి ఒక్కటయ్యాయి.

ఇప్పుడు ఆరో తరగతి పిల్ల ఏడాదిని తీసుకుందాం. జూన్‌లో కొత్త పుస్తకాలు, వాటికి అట్టలు వెయ్యడం, లేబుల్ మీద పేరు రాయించుకోవడం. హైస్కూల్లో మొదటిసారి సబ్జెక్టుకో టీచరు. పక్కన కూర్చునే కొత్త స్నేహితురాలు. క్వార్టర్లీ పరీక్షలు, దసరా సెలవులు, హాఫ్ ఇయర్లీ, సంక్రాంతికి అమ్మమ్మ ఊరు, యాన్యువల్ పరీక్షల టెన్షన్, ఎండాకాలం సెలవుల్లో మామిడికాయలు, కొత్తగా నేర్చుకున్న సైకిలు, మోకాలికి తగిలిన దెబ్బ. ఆ పిల్ల ఏడాదిలో ఎత్తు కూడా పెరుగుతుంది, పోయిన ఏడాది గౌను ఈ ఏడాది పట్టదు. ఆమె తండ్రి ఏడాది ఇలా ఉండదు. ఒకటో తారీఖు జీతం, ఐదో తారీఖు ఈఎంఐ, మధ్యలో ఆఫీసు. పోయిన ఏడాది ఇదే రోజున ఏం చేశాడో ఆయనకు గుర్తుండాల్సిన అవసరమే రాదు. ఇద్దరూ ఒకే ఇంట్లో ఉంటారు, ఒకే క్యాలెండర్ చింపుతారు. డిసెంబరు వచ్చేసరికి ఒకరికి జూన్ ఎప్పుడో, ఇంకొకరికి నిన్న.

పెద్దవాళ్లను జీవితంలో గట్టిగా గుర్తున్న సంగతులు చెప్పమంటే, ఎక్కువ భాగం పది నుంచి ముప్పై ఏళ్ల మధ్యవే చెబుతారు. జ్ఞాపకాలు ఇలా ఆ వయసు దగ్గరే పోగుపడడం అనేక దేశాల్లో, అనేక అధ్యయనాల్లో కనిపించింది. మొదటి ఉద్యోగం, పెళ్లి, మొదటి బిడ్డ, సొంతూరు వదిలి వెళ్లిన రోజు. మనిషి ఎవరో తేల్చే నిర్ణయాలన్నీ అక్కడే గుమిగూడి ఉంటాయి. ముప్పై అయిదు నుంచి యాభై దాకా బాధ్యతలు ఎక్కువ, మొదటిసారి జరిగేవి తక్కువ. అందుకే 1991కీ 2003కీ మధ్య యుగం పట్టిందన్న మనిషికి, ముప్పై నాలుగేళ్లు వచ్చిన 2015 తర్వాత ఏమయ్యిందో అంత తేలిగ్గా చెప్పడం రాదు.

దీనికి తోడు తేదీలు దగ్గరకు జరిగిపోవడం ఒకటి. బలంగా గుర్తున్న సంఘటన నిజంగా జరిగినదానికంటే ఈమధ్యే జరిగినట్టు ఉంటుంది. విశాఖ వాసులకు 2014 అక్టోబరు నాటి హుద్‌హుద్ గాలి హోరు ఇంకా చెవుల్లో ఉంది, అందుకే ఏళ్లు లెక్కపెట్టి చెబితే ఉలిక్కిపడతారు. కృష్ణా జిల్లాలో ముసలివాళ్లు 1977 ఉప్పెననే మైలురాయిగా పెట్టుకుని "ఉప్పెన వచ్చిన ఏడాది పుట్టాడు" అని పిల్లల వయసు చెప్పేవారు. అలాంటి మైలురాయి ఉన్నచోట లెక్క తప్పదు. రెండు మైలురాళ్ల మధ్య ఉన్న కాలమే జారిపోయేది.

ఇక్కడితో ఆపేస్తే వ్యాసం చక్కగా ముగిసినట్టే ఉంటుంది గానీ, నిజం ఇంకొంచెం మొండిది. ఫ్రీడ్‌మన్, జాన్సెన్ ఈ వాదాలను నేరుగా పరీక్షించినప్పుడు, తేదీలు దగ్గరకు జరగడం గానీ, సంఘటనలు గుర్తు తెచ్చుకోవడంలో కష్టం గానీ వాళ్ల జవాబులను సరిగ్గా వివరించలేకపోయాయి. అక్కడ గట్టిగా నిలిచిన కారణం మరొకటి: చెయ్యాల్సిన పనులకు సమయం చాలడం లేదన్న ఒత్తిడి. తర్వాత జపాన్‌లో జరిగిన అధ్యయనం దీన్ని బలపరిచింది. ఇప్పుడు ఊపిరాడని పనిలో ఉన్నవాళ్లకు ఈ వారాలు, నెలలు పరుగెడుతున్నాయి. పదేళ్లుగా ఆ ఒత్తిడిలోనే ఉన్నవాళ్లకు పదేళ్లూ పరుగెత్తాయి. అదే అధ్యయనంలో బయటపడ్డ ఇంకో సంగతి ఆలోచింపజేస్తుంది. మనుషులు ఒకప్పటి ఒత్తిడిని ఇప్పటి ఒత్తిడి కంటే తక్కువగా అంచనా వేస్తారు. "అప్పట్లో ఎంత తీరిక ఉండేదో" అనుకునే ప్రతి తరమూ, ఆ అప్పట్లో కూడా తీరిక లేదనే వాపోయింది.

హైదరాబాద్‌లో ఉద్యోగం చేసే నలభై ఏళ్ల ఇల్లాలి రోజు ఒంటరి తల్లి రోజుకు పూర్తిగా ఎదురు. పొద్దున్నే ఒక చేత్తో పిల్లల బాక్సులు, ఇంకో చేత్తో ఫోన్లో ఆఫీసు మెసేజ్‌లు. ట్రాఫిక్‌లో గంట. సాయంత్రం హోంవర్కు, అత్తగారి బీపీ మాత్రలు, రాత్రి పదింటికి రేపటి కూరగాయలు. అనుకున్న పనుల్లో సగం రేపటికి వాయిదా. ఆమెకు రోజు కూడా పొట్టిదే, పదేళ్లూ పొట్టివే. పైకి ఇద్దరి ఫిర్యాదూ ఒకటే, ఏళ్లు పరుగెడుతున్నాయని. ఒకరికి ఖాళీ వల్ల, ఇంకొకరికి ఊపిరి సలపని పని వల్ల. ఈ తేడా గమనించకుండా అందరికీ ఒకే మందు రాసిచ్చేస్తున్నారన్నదే అసలు బాధ.

ఆ మందు అందరికీ తెలిసిందే: కొత్త పనులు చెయ్యండి, కొత్త చోట్లకు వెళ్లండి, కాలం మళ్లీ పొడుగవుతుంది. ఒంటరి తల్లి విషయంలో ఇందులో నిజం ఉంది. భజన బృందంలో చేరినా, పక్కవీధి పిల్లలకు లెక్కలు చెప్పినా, చుట్టాల పెళ్లికి నాలుగు రోజుల ముందే వెళ్లినా ఆ ఏడాదికి పట్టుకోవడానికి కొమ్మలు దొరుకుతాయి. 2020లో బ్రిటన్ లాక్‌డౌన్ సమయంలో మనస్తత్వ శాస్త్రవేత్త రూత్ ఆగ్డెన్ చేసిన సర్వేలో 80 శాతానికి పైగా జనం కాలం మామూలుగా నడవడం లేదన్నారు. అందులో రోజులు బరువుగా సాగినవాళ్లు ఎక్కువగా పెద్ద వయసువాళ్లు, ఒత్తిడిలో ఉన్నవాళ్లు, నలుగురితో కలవడం సరిపోవడం లేదనుకున్నవాళ్లు. వాళ్లకు కొరవడింది మనుషులు. నలభై ఏళ్ల ఇల్లాలికి మాత్రం ఇదే సలహా ఇస్తే అది ఆమె జాబితాలో ఇంకో పని అవుతుంది. ఆమెకు కావలసింది కొత్త వ్యాపకం కన్నా, ఉన్న పనిని పంచుకునే మరో రెండు చేతులు.

ఖర్చు లేని పని ఒకటుంది, ఇద్దరికీ పనికొచ్చేది. 2019లో జర్మనీ పరిశోధకులు ప్రచురించిన ఒక అధ్యయనం ప్రకారం, గడిచిన కాలం వేగాన్ని చెప్పే ముందు ఆ కాలంలో జరిగిన సంగతులను గుర్తు చేసుకున్నవాళ్లకు అది అంత వేగంగా గడిచినట్టు అనిపించలేదు. అంటే పొట్టిదయ్యిందనుకున్న ఏడాది నిజానికి అక్కడే ఉంది, మనం తెరిచి చూడలేదు. డైరీలో రోజుకో వాక్యం రాసుకునే పాత అలవాటుకు ఇంతకంటే మంచి సమర్థన అక్కర్లేదు. తల్లితో ఫోన్లో మాట్లాడే కొడుకు "తిన్నావా, మాత్రలు వేసుకున్నావా" దగ్గర ఆగకుండా ఈ వారం ఎవరొచ్చారు, ఏం వండావు, గుళ్లో ఏం జరిగింది అని అడిగినా చాలు. చెప్పేటప్పుడు ఆవిడే వింటుంది, తన వారం ఎంత ఉందో.

ఇక వయసు మీరిన కొద్దీ ఈ పరుగు పెరుగుతూనే పోతుందేమో, ఎనభై వచ్చేసరికి ఏడాది నెలలా మిగులుతుందేమో అన్న భయానికి సర్వేల్లో ఆధారం కనిపించదు. విట్‌మన్, లెన్‌హాఫ్ అడిగినవాళ్లలో గత పదేళ్ల వేగం యువకుల నుంచి నడివయసు దాకా పెరుగుతూ వచ్చి, ఆ తర్వాత దాదాపు నిలకడగా ఉండిపోయింది. డెబ్బై, ఎనభై దాటినవాళ్లు యాభై ఏళ్లవాళ్ల కంటే కాలం ఇంకా వేగంగా గడిచిందని చెప్పలేదు.